గ్రౌచో ఒక్కడే కాదు, ఆ ఇంట్లో ఇంకా మనుషులున్నారు

పొద్దున్నే ఫోన్ తీస్తే మా కాలేజీ గ్రూపులో మళ్లీ అదే ఫోటో. దట్టమైన కనుబొమలు, గుండ్రటి కళ్లజోడు, పెదవి మీద నల్లరంగు పూసిన మీసం, చేతిలో చుట్ట. పక్కన ఇంగ్లీషులో ఒక చమత్కారం, కింద గ్రౌచో మార్క్స్ అని పేరు, పాతకాలపు హాలీవుడ్ హాస్యనటుడు. ఆయన పేరు మీద తిరిగే చమత్కారాల్లో చాలావాటికి ఆధారమే లేదు. అదీ తప్పే కానీ, ఈరోజు నాకు కోపం తెప్పించింది అది కాదు. ఫోటో అంచున ఒక నలిగిన కోటు భుజం, రెండు ఉంగరాల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. అక్కడ ఇంకో మనిషి ఉన్నాడు. ఆ మనిషిని కత్తిరించేశారు.

ఆ భుజం హార్పోది. గ్రౌచోకి అన్న. తెర మీద ఒక్క మాటా మాట్లాడడు కాబట్టి ఆయనకి కొటేషన్లు లేవు, కొటేషన్లు లేవు కాబట్టి ఆయన్ని కత్తిరించొచ్చు. ఈ లెక్క నాకు ఎంత మాత్రం మింగుడు పడదు.

ఈ అన్నదమ్ములు కలిసి చేసిన మార్క్స్ బ్రదర్స్ హాస్య సినిమాలు నేను ఇరవై ఏళ్ల పైనుంచి చూస్తున్నాను. ప్రతిసారీ నాకు కనిపించేది ఒక తెలివైన మనిషి, అతని చుట్టూ ముగ్గురు సహాయకులు కాదు. ఒక ఇల్లు కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ ఒకే మంచం మీద దొర్లి, ఒకే కంచంలోంచి లాక్కుని తిన్నవాళ్లకి మాత్రమే వచ్చే ఒడుపు కనిపిస్తుంది. సురభి కుటుంబాల నాటకాలు చూసినవాళ్లకు ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

న్యూయార్క్‌లో యార్క్‌విల్ అనే వలసవాళ్ల పేట. తండ్రి శామ్ అల్సాస్ నుంచి వచ్చిన దర్జీ. టేపు పెట్టి కొలతలు తీసుకోకుండా బట్టలు కుట్టేవాడట, తర్వాత ఆ బట్టలు ఎవరికీ పట్టేవి కావట. తల్లి మిన్నీ జర్మనీ నుంచి వచ్చింది. ఆవిడ తండ్రి అక్కడ గారడీలు చేసేవాడు, తల్లి హార్ప్ అనే పెద్ద తీగల వాయిద్యం వాయించేది. తమ్ముడు ఆల్ షీన్ అమెరికా వచ్చి రంగస్థలం మీద పేరు తెచ్చుకున్నాడు. తమ్ముడు గెలిచిన చోట నా కొడుకులెందుకు గెలవరు అనుకుంది మిన్నీ. అసలు కథ ఆ పట్టుదలతో మొదలైంది. 1905లో గ్రౌచో పాటలు పాడే పిల్లాడిగా స్టేజీ ఎక్కాడు. తర్వాత ఒక్కొక్కణ్ణే లాక్కొచ్చి నిలబెట్టింది. మనుషులు చాలకపోతే తనూ, తన తోబుట్టువూ కూడా మేకప్ వేసుకుని స్టేజీ ఎక్కారు. బుకింగులు చూసింది, మేనేజర్లతో పోట్లాడింది, రైలు టిక్కెట్లు కొంది. 1924లో కొడుకులు న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే మీద మొదటిసారి ఆడుతున్నప్పుడు, ఆ రాత్రి కోసం గౌను కొలతలు ఇస్తూ కిందపడి కాలు విరగ్గొట్టుకుంది. అయినా ఇంట్లో పడుకోలేదు. థియేటర్లోకి మోయించుకుని వెళ్లి కూర్చుంది.

1905 నుంచి 1924 దాకా, అంటే ఇరవై ఏళ్లకు ఒక్క ఏడాది తక్కువ, వాడెవిల్‌లో నలిగారు. వాడెవిల్ అంటే ఒకే టిక్కెట్టుకి ఒకదాని వెంట ఒకటి వచ్చే ఆటల వరస. ఒకడు కుక్కలతో ఆడిస్తాడు, ఒకడు సైకిల్ మీద విన్యాసాలు చేస్తాడు, ఒకామె పాడుతుంది, మధ్యలో వీళ్లు. రోజుకి రెండు మూడు సార్లు, వారానికో ఊరు. నవ్వు రాకపోతే పై వారం పని ఉండదు. టెక్సస్‌లో నాకడోచిస్ అనే ఊళ్లో వీళ్లు పాడుతుంటే బయట ఒక కంచరగాడిద కట్టు తెంచుకుని పారిపోయిందట. జనమంతా పాట వదిలేసి దాన్ని చూడ్డానికి లేచిపోయారు. తిరిగొచ్చాక అన్నదమ్ములకు ఒళ్లు మండి, ఆ ఊరినీ ఊరివాళ్లనీ నోటికొచ్చినట్టు ఆడిపోసుకోవడం మొదలుపెట్టారు. కొడతారనుకుంటే జనం పగలబడి నవ్వారు. పాటల జట్టు కాస్తా హాస్యం జట్టు కావడానికి ఆ సాయంత్రమే కారణమని వాళ్లే చెప్పుకునేవాళ్లు.

పేర్లు కూడా అలాగే దొరికాయి. 1914లో ఇల్లినాయ్‌లోని గేల్స్‌బర్గ్‌లో పేకాట ఆడుతుంటే, ఆర్ట్ ఫిషర్ అనే ఇంకో ఆటగాడు ముక్కలు పంచుతూ ఒక్కొక్కరికి ఒక ‘ఓ’ తగిలించాడు. హార్ప్ వాయించేవాడు హార్పో, ఆడపిల్లల వెంట పడేవాడు చికో (ఇంగ్లీషు వాడుకలో ‘చిక్’ అంటే ఆడపిల్ల; చీకో కాదు, దయచేసి), మిగిలినవాళ్లు గ్రౌచో, గమ్మో. అందరికన్నా చిన్నవాడు జెప్పో తర్వాత వచ్చి చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గమ్మో సైన్యంలోకి వెళ్లిపోతే ఆ ఖాళీలో మిన్నీ జెప్పోని నిలబెట్టింది. గమ్మో ఒక్క సినిమాలోనూ లేడు.

ఇంక హార్పో మౌనం. అది ఎవరో మేధావి కూర్చుని ఆలోచించిన సిద్ధాంతం కాదు. మేనమామ ఆల్ షీన్ వాళ్లకో నాటిక రాసిస్తూ హార్పోకి రెండు మూడు మాటలే ఇచ్చాడు. దాని మీద ఒక పత్రికలో, ఈయన మూకాభినయం అద్భుతం, నోరు విప్పగానే పాడైపోయింది అని రాశారట. హార్పో తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి ఇది. ఎంత అవమానం! ఇంకొకడైతే ఎక్కువ మాటలు రాయించుకుని కసి తీర్చుకునేవాడు. ఈయన ఉన్న రెండు మాటలు కూడా వదిలేశాడు. వదిలేసి ఆ చోటంతా కారు హారన్‌తో, ఈలతో, కోటు లోపలి నుంచి తీసే వస్తువులతో, ఎదురుగా ఉన్నవాడి చేతిలో తన కాలు పెట్టేసి అమాయకంగా నిలబడే ఆ చూపుతో నింపాడు.

హార్ప్ కూడా అంతే. ఎవరూ నేర్పలేదు. అమ్మ పంపిన వాయిద్యాన్ని ఏ భుజానికి ఆనించాలో తెలియక, దుకాణంలో వేలాడుతున్న, హార్ప్ పట్టుకున్న దేవదూత బొమ్మ చూసి తెలుసుకున్నాడు. శ్రుతి కూడా తనకు తోచినట్టు, తప్పుగా పెట్టుకున్నాడు. పేరొచ్చాక డబ్బిచ్చి గురువుల్ని పెట్టుకుంటే, వాళ్లు పాఠం చెప్పడం మానేసి ఈయన వేళ్లు ఎలా కదులుతున్నాయో చూస్తూ కూర్చున్నారట.

ఇక్కడికొస్తే నా అసలు కోపం చెప్పాలి. ఈ సినిమాలు చూస్తున్నామని చెప్పే స్నేహితులు చాలామంది హార్ప్ ఘట్టం రాగానే ముందుకు జరిపేస్తారు. చికో పియానో దగ్గర కూర్చోగానే లేచి కాఫీ పెట్టుకుంటారు. పైగా సాక్ష్యం చూపిస్తారు: 1932 నాటి హార్స్ ఫెదర్స్‌లో చికో పియానో మొదలుపెట్టగానే గ్రౌచోనే కెమెరా వైపు తిరిగి, నేనెలాగూ కదల్లేను, మీరైనా ఇది అయ్యేదాకా బయటికెళ్లి రావచ్చు కదా అంటాడు కదా అని. అంటాడు. వాడు తమ్ముడు! ముప్ఫై ఏళ్లుగా అన్న అదే పియానోని వాయిస్తుంటే వింటున్న తమ్ముడు. నా చెల్లెల్ని నేను ఎంతైనా ఆటపట్టిస్తాను, దాన్ని చూసి వీధిలోవాడు కూడా మొదలుపెడితే ఊరుకుంటానా? గ్రౌచో పరాచికం గ్రౌచోది. మన రిమోట్‌కి అది అనుమతి కాదు.

1935 నాటి ఏ నైట్ ఎట్ ది ఒపేరాలో ఓడ మీద ఒక భాగం ఉంది. కింది తరగతి ప్రయాణికులు, ఎక్కువమంది వలస వెళుతున్న ఇటాలియన్లు. చికో పియానో ముందు కూర్చుంటాడు, చుట్టూ పిల్లలు మూగుతారు. చూపుడు వేలిని తుపాకీలా పెట్టి ఒక్కో మెట్టునీ పేలుస్తాడు, పిల్లలు విరగబడి నవ్వుతారు. ఆ నవ్వు నటన కాదని నాకు గట్టి నమ్మకం. తర్వాత హార్పో వచ్చి కాసేపు అల్లరి చేసి, హార్ప్ దగ్గరికి నడుస్తాడు. తీగల మీద చేతులు పడగానే ఆ ముఖం మారిపోతుంది. అప్పటిదాకా కళ్లు మిటకరించి, బుగ్గలు పూరించి తిరిగిన పిచ్చివాడు మాయమై, ఒక వయసొచ్చిన మనిషి నిశ్శబ్దంగా తన పని చేసుకుంటూ కనిపిస్తాడు. ఆ మార్పు కోసం నేను ఆ సినిమా పెడతాను. దాన్ని జరిపేస్తే మిగిలినదానిలో సగం ప్రాణం పోయినట్టే.

చికోకి జరిగిన అన్యాయం ఇంకోలాంటిది. ‘ద కోకోనట్స్’లో గ్రౌచో మ్యాప్ చూపిస్తూ ఇక్కడో వయడక్ట్ ఉంది అంటాడు. చికోకి అది ‘వై ఎ డక్’ అని వినపడుతుంది. బాతెందుకు, కోడెందుకు కాకూడదు? అక్కణ్ణించి ఆ మాట ఎంత దూరం పోతుందో చూసి తీరాలి. మన శ్లేష లాంటిదే, కాకపోతే ఇది చెవిటి శ్లేష. గ్రౌచో ఒక్కడే నిలబడి వయడక్ట్ అంటే అది ఉత్త వంతెన. దాన్ని బాతు చేసినవాడు చికో. ఏ నైట్ ఎట్ ది ఒపేరాలో కాంట్రాక్టు చదువుతూ ఒక్కో క్లాజూ చించి పారేసే సీన్ కూడా అంతే. చివర్లో శానిటీ క్లాజ్ అంటే చికో నవ్వేసి, శాంటా క్లాజ్ లేడని నాకు తెలుసులే అన్నట్టు జవాబిస్తాడు. ఆ చిన్న నవ్వు చూడండి. మోసపోతున్న ముఖంతో మోసం చేయడం చికోకే చెల్లింది.

జెప్పోని అందరూ చెక్కబొమ్మ అంటారు. నిజమే, ఆయనకి ఇచ్చిన పాత్రల్లో ఏమీ ఉండదు. కానీ షికాగోలో యానిమల్ క్రాకర్స్ నాటకం ఆడుతుండగా గ్రౌచోకి అపెండిక్స్ ఆపరేషన్ అయితే, ఆ మీసం పూసుకుని గ్రౌచో వేషం కట్టింది జెప్పోనే, జనానికి తేడా తెలియలేదట. అంత సత్తా ఉన్నవాడు ఐదు సినిమాల పాటు ఊరికే పక్కన నిలబడ్డాడు. 1933లో డక్ సూప్ తర్వాత వెళ్లిపోయాడు. తప్పు పట్టను.

మార్గరెట్ డూమాంట్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏడు సినిమాల్లో గ్రౌచోకి ఎదురుగా ఠీవిగా నిలబడిన ధనిక స్త్రీ. ఆవిడకి జోకులు అర్థమయ్యేవి కావని గ్రౌచో జీవితాంతం చెబుతూ వచ్చాడు, అందరూ నమ్మారు. నేను నమ్మను. ఆవిడ కూడా రంగస్థలం మీదే పండినావిడ. గ్రౌచో అవమానించిన ప్రతిసారీ ఆ ముఖంలో ముందు ఆనందం, తర్వాత అనుమానం, తర్వాత మళ్లీ నమ్మకం వస్తాయి. మూడూ క్షణంలో, నవ్వు తగ్గేదాకా ఆగి మరీ. అర్థం కానివాళ్లు అలా ఆగలేరు.

అన్నీ వెనకేసుకురాను. 1941 నాటి ద బిగ్ స్టోర్ వచ్చేసరికి అలిసిపోయారు, అది తెర మీద తెలిసిపోతుంది. 1937 నాటి ఏ డే ఎట్ ది రేసెస్‌లో నల్లజాతివాళ్ల పాట మధ్యలో వీళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకునే చోట నాకు సిగ్గేస్తుంది. ఆ కాలం అలాంటిది అని సర్దిచెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

నాలుగేళ్ల కిందట అమ్మ వానాకాలంలో మా దగ్గరికొచ్చి రెండు నెలలుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఒక సాయంత్రం నేను డక్ సూప్ పెట్టుకుంటే వచ్చి పక్కన కూర్చుంది. గ్రౌచో గలగలా మాట్లాడుతున్నంతసేపూ ఊరికే చూసింది. పల్లీలమ్మే చికో, నిమ్మరసం అమ్మే బట్టతలాయన, హార్పో, ముగ్గురి టోపీలూ ఒకరి నెత్తి మీంచి ఒకరి నెత్తి మీదికి మారే చోట అమ్మ కదిలింది. హార్పో ప్యాంటు మడుచుకుని నిమ్మరసం తొట్టిలోకి దిగేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ కాలు చేతికిచ్చేవాడు మళ్లీ వస్తాడా?” అని అడిగింది.

వచ్చాడు. అద్దం సీన్‌లో. హార్పో తమ్ముడి వేషంలో, రాత్రి గౌను, కుచ్చుటోపీ, నల్లమీసంతో పారిపోతూ నిలువుటద్దాన్ని గుద్ది ముక్కలు చేస్తాడు. అదే గౌనులో గ్రౌచో వస్తాడు. పగిలిన అద్దం స్థానంలో హార్పో నిలబడి, గ్రౌచో ఏం చేస్తే అదే చేస్తాడు. దాదాపు మూడు నిమిషాలు మాట లేదు, సంగీతం లేదు. ఈ అద్దం ఆట వాళ్లు కనిపెట్టింది కాదు. 1916లో చాప్లిన్ చేశాడు, 1921లో మాక్స్ లిండర్ చేశాడు. డక్ సూప్ దర్శకుడు లియో మెకేరీ కూడా లారెల్ హార్డీల మూకీల దగ్గర పని నేర్చినవాడే. కానీ ఇక్కడ అద్దంలో ఉన్నది సొంత అన్న. ఒకచోట ఇద్దరూ గుండ్రంగా నడిచి చోట్లు మారిపోతారు, అద్దం లేదని ఇద్దరికీ తెలిసిపోతుంది. అయినా ఆట ఆగదు. ఇంకోచోట హార్పో చేతిలోంచి టోపీ జారిపడితే గ్రౌచోనే వంగి తీసి ఇస్తాడు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి ఆ మూడు నిమిషాలు నోరు మూసుకుని, మాట్లాడని అన్న లోకంలోకి వెళ్లి నిలబడ్డాడు. అది కొటేషన్ కింద ఎలా పెడతారు?

1974లో గ్రౌచోకి గౌరవ ఆస్కార్ ఇచ్చారు. అప్పటికి చికో పోయి పన్నెండేళ్లు దాటాయి, హార్పో పోయి తొమ్మిదేళ్లు దాటాయి. ఎనభై మూడేళ్ల మనిషి మైకు ముందుకొచ్చి, ఈ గౌరవం పంచుకోవడానికి హార్పో, చికో ఉంటే బాగుండేదన్నాడు. మార్గరెట్ డూమాంట్ ఉంటే బాగుండేదన్నాడు. తర్వాత అమ్మకి కృతజ్ఞత చెప్పాడు, ఆవిడే లేకపోతే మేం ఎందుకూ పనికొచ్చేవాళ్లం కాదని.

ఆ గ్రూపులో ఇందాక నేను కూడా ఒక ఫోటో పెట్టాను. కత్తిరించనిది. కింద పేర్లు కూడా రాశాను, ఎడమ నుంచి: జెప్పో, గ్రౌచో, చికో, హార్పో.