ఉర్లగడ్డ మీద పడ్డ అపవాదు

పది రోజులుగా నెల్లూరులో ఒక సందేశం ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతోంది. మా పిన్ని పంపింది, మా అపార్ట్‌మెంట్ కార్యదర్శి పంపారు, పొదలకూరులో ఉండే మిత్రుడు "నిజమేనా?" అని అడుగుతూ పంపాడు. సారాంశం ఇది: "ఆగ్రా నుంచి లారీల్లో వస్తున్న ఉర్లగడ్డలు జన్యుమార్పిడి చేసినవి. తియ్యగా ఉండడం, నెలలు గడిచినా మొలకెత్తకపోవడం వాటి గుర్తులు. అవి తిన్న ఎలుకలకు క్యాన్సర్ గడ్డలు లేచాయి. తెగులు సోకని గడ్డ అంటే ఒళ్లంతా విషమున్న గడ్డ. ఇవి వస్తే రైతు విత్తనం కంపెనీ చేతిలోకి పోతుంది. తొక్క పచ్చగా ఉన్నదే నాటు గడ్డ, ఏరి కొనండి." కింద ఒళ్లంతా కణుతులున్న ఎలుక ఫొటో. గడ్డ మీద గడ్డ అంటూ శ్లేష ఒకటి పడింది. సందేశంలో నాకు నచ్చింది అదొక్కటే.

(బంగాళాదుంపను మా వైపు ఉర్లగడ్డ అంటాం. అలాగే రాస్తాను.)

అసలు ఆ సరుకు మార్కెట్లో ఉందా? మన దేశంలో అనుమతితో రైతుల పొలాల్లో సాగవుతున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రమే ఆపేసింది. జన్యుమార్పిడి ఆవాలకు 2022 అక్టోబరులో షరతులతో పర్యావరణ అనుమతి దొరికినా, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. ఉర్లగడ్డ ఆ వరుసలో కూడా నిలబడలేదు. విదేశాల నుంచి వస్తుందేమో అంటే, 2021 మార్చి నుంచి 24 రకాల ఆహార పంటల దిగుమతికి "జన్యుమార్పిడి చేసినది కాదు" అన్న ధ్రువపత్రం తప్పనిసరి. ఆ జాబితాలో ఉర్లగడ్డ ఉంది.

దొంగచాటుగా రాదా అని ప్రకాశం జిల్లా పత్తి రైతు అడిగితే కాదనలేను. కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనం ఏ అనుమతీ లేకుండానే మన రాష్ట్రంలో పొలాలకు చేరింది. అయితే పత్తి విత్తనం ప్యాకెట్ అరకిలో కూడా తూగదు, చంకన పెట్టుకుని ఊళ్లు దాటించవచ్చు. ఉర్లగడ్డకు ఎకరానికి సుమారు టన్ను విత్తనపు గడ్డ కావాలి. అంత బరువును గుట్టుగా మోసేవాళ్లను నేనింకా చూడలేదు.

ఇక తీపి, మొలక. గడ్డ తియ్యగా ఉండడం, మొలకెత్తకపోవడం రెండూ నిజమే. మా ఇంట్లో కూడా కూర ఒక్కోసారి తియ్యగా వస్తుంది. కారణం జన్యువు కాదు, చలి. ఉత్తరాదిలో గడ్డను ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వుతారు. దాన్ని ఏడాది పొడుగునా అమ్మాలంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి. రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో గడ్డ మొలకెత్తదు, కానీ అందులోని పిండిపదార్థం కొద్దికొద్దిగా చక్కెరగా మారుతుంది. ఆ గడ్డను ఇంట్లో మామూలు వేడిలో రెండు వారాలు ఉంచితే తీపి కొంత తగ్గుతుంది. జన్యువులో మార్పే కారణమైతే వంటింటి మూలలో బుట్టలో పెట్టినంత మాత్రాన తగ్గుతుందా?

తీపి లేకుండా, మొలక రాకుండా ఉంచే పద్ధతి ఇంకొకటి ఉంది. పది, పన్నెండు డిగ్రీల దగ్గర నిల్వ చేసి సీఐపీసీ అనే మందును పొగలా వదులుతారు. చిప్స్ గడ్డలకు ఇదే దారి. ఉత్తరాది మార్కెట్లలో "షుగర్ ఫ్రీ" పేరుతో అమ్మేదీ ఇలాంటిదే. ఆ మందు అనుమతిని యూరప్ 2019లో పునరుద్ధరించలేదు, మన దగ్గర వాడకంలో ఉంది. భయపడదలచుకున్నవాళ్లు ముందు దీని గురించి అడగాలి. సందేశంలో దీని ఊసే లేదు.

తమాషా ఏమిటంటే, నిజంగా జన్యుమార్పిడి చేసిన ఉర్లగడ్డ తీపి తగ్గేలా తయారైంది. అమెరికాలో 2014 నవంబరులో సాగుకు అనుమతి పొందిన "ఇన్నేట్" రకంలో గడ్డకున్న సొంత జన్యువులనే కొన్నింటిని అణచివేశారు. దెబ్బ తగిలిన చోట నల్లబడడం తగ్గింది, చక్కెరలు తగ్గాయి, ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం తగ్గింది. ఈ చివరి రెండూ మరిగే నూనెలో కలిస్తే, క్యాన్సర్ కలిగించవచ్చని అనుమానించే అక్రిలమైడ్ పుడుతుంది. వేపుళ్లలో అది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టినప్పటి నుంచి చిప్స్ పరిశ్రమకు అదే దిగులు. అంటే సందేశం చెప్పిన తీపి గుర్తు సరిగ్గా తలకిందులు.

నాణ్యత పేరుతో జన్యుమార్పిడిని సమర్థించే పక్షం చేసే హడావిడి కూడా నాకు నచ్చదు. తోటకూర జాతి గింజ నుంచి ఏఎంఏ1 జన్యువు తీసుకుని ఢిల్లీ శాస్త్రవేత్తలు "ప్రొటీన్ ఉర్లగడ్డ" చేశారు. 2010లో వెలువడిన ఫలితాల్లో మాంసకృత్తులు 60 శాతం దాకా పెరిగాయి. వినడానికి బాగుంది. అసలు గడ్డలో ఉండేది రెండు శాతం, అది మూడుకు చేరిందన్నమాట. గుప్పెడు కందిపప్పు ముందు అదెంత?

ఎలుక సంగతికి వద్దాం. ఆ ఫొటోలోని ఎలుక ఉర్లగడ్డ తినలేదు, జన్యుమార్పిడి మొక్కజొన్న తింది. 2012లో ఫ్రాన్స్‌లో సెరాలినీ బృందం చేసిన ప్రయోగం అది. వాళ్లు ఎంచుకున్న జాతి ఎలుకలకు వయసు మళ్లితే ఏం తిన్నా కణుతులు వస్తాయి, పైగా ఒక్కో గుంపులో పదే ఎలుకలు. 2013లో దాన్ని అచ్చువేసిన పత్రికే వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, మరుసటి ఏడాది వేరే పత్రికలో మళ్లీ వచ్చింది. ఉర్లగడ్డతో ఎలుకల కథ వేరు. 1998లో స్కాట్లండ్‌లో అర్పాడ్ పుస్తాయ్ అనే శాస్త్రవేత్త స్నోడ్రాప్ అనే పూలమొక్క జన్యువు చేర్చిన గడ్డలను ఎలుకలకు పెట్టి, వాటి ఎదుగుదల, రోగనిరోధక శక్తి దెబ్బతిన్నాయని టీవీలో చెప్పారు. ఆయన పనిచేసే సంస్థ ఆయన్ని పక్కన పెట్టింది, ఆ తీరు నాకు అన్యాయంగానే తోస్తుంది. ప్రయోగంలో లోపాలున్నాయని 1999లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ తేల్చింది. ఆయన చెప్పినదాంట్లో క్యాన్సర్ మాట లేదు, ఆ గడ్డ ఎవరి వంటింటికీ చేరలేదు.

"తెగులు సోకని గడ్డ విషపు గడ్డ" అన్న మాటలో కాస్త చరిత్ర ఉంది. 1995లో అమెరికాలో వచ్చిన "న్యూలీఫ్" రకం మన పత్తిలాగే బీటీ రకం, పెంకుపురుగును చంపే మాంసకృత్తిని ఆకులోనే తయారుచేసుకునేది. కొనేవాళ్లు వెనకాడడంతో 2001లో ఆగిపోయింది. ఆకుమాడు తెగులును తట్టుకునే గడ్డ దారి అది కాదు. మెక్సికో అడవి ఉర్లగడ్డ సొలానమ్ బల్బోకాస్టానమ్‌లో ఆర్‌బీ అనే జన్యువు ఉంది. దాని పని కాపలా. తెగులు ఆకులోకి చొరబడగానే పసిగడుతుంది, ఆ చోట ఉన్న కణాలు తమంతట తాము చచ్చి దారి మూసేస్తాయి. తెగులు అక్కడే ఆగుతుంది. ఇందులో విషం తయారీ లేదు. అడవి రకాన్ని సాగు రకంతో నేరుగా సంకరం చేస్తే గింజ కట్టదు. మధ్యలో వేరే అడవి రకాలను వంతెనగా పెట్టి డచ్చివాళ్లు అదే మొక్కలోని మరో జన్యువును మామూలు సంకరంతో సాధించడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ జన్యుమార్పిడితో ఆర్‌బీ చేర్చిన గడ్డతో సంకరం చేసి దాన్ని కుఫ్రీ జ్యోతి రకంలోకి ఎక్కించింది. కుఫ్రీ జ్యోతి 1968లో వచ్చినప్పుడు ఈ తెగులును బాగానే తట్టుకునేది, తర్వాత తెగులే దాన్ని ఓడించింది. ప్రభుత్వ ప్రయోగశాలలో పుట్టిన ఆ కొత్త గడ్డ ఇప్పటికీ రైతుకు అందలేదు.

ఈ తెగులు 1845 నుంచి ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మందిని ఆకలికీ, దాని వెంట వచ్చిన రోగాలకూ బలి చేసింది. మన దగ్గర టమాటాను మాడ్చేదీ ఇదే. మబ్బు పట్టి చలి ఉంటే రైతు వారం, పది రోజులకోసారి మాంకోజెబ్ లాంటి మందు కొట్టాల్సిందే. విషం గురించి అంత బాధపడిన సందేశానికి ఈ పిచికారీలు కనపడలేదు. ఒక్క జన్యువును నమ్ముకుంటే తెగులు మళ్లీ దారి వెతుక్కుంటుంది, అందుకే ఉగాండాలో విక్టోరియా రకానికి మూడు జన్యువులు కలిపి ఎక్కించారు. మందు పూర్తిగా మానేయవచ్చని ఎవరైనా చెబితే అదీ నమ్మకండి.

కంపెనీ పెత్తనం నిజమైన భయమే. 2019లో గుజరాత్ రైతులపై పెప్సీకో కేసులు వేసింది ఎఫ్‌సీ5 అనే చిప్స్ గడ్డ కోసం. అది మామూలు సంకరంతో పుట్టిన రకం. దావాకు జన్యుమార్పిడి అక్కర్లేకపోయింది. రైతు తన పంట నుంచి విత్తనం దాచుకునే హక్కు మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల 2001 చట్టంలోని 39వ సెక్షన్‌లో ఉంది, పట్టుకోవాల్సింది దాన్ని.

మిగిలింది "పచ్చగా ఉన్నదే నాటు గడ్డ" అన్న సలహా. మిగతావి తప్పులు, ఇది ప్రమాదం. గడ్డ మీద ఎండగానీ దుకాణం దీపపు వెలుగుగానీ పడితే తొక్క పచ్చబడుతుంది, దాంతోపాటే సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. ఉడికించినా అది పోదు, మోతాదు మించితే వాంతులు, విరేచనాలు. అమెరికాలో 1967లో విడుదలైన లెనాపే రకాన్ని మూడేళ్లకే వెనక్కి తీసుకున్నది ఈ సొలనిన్ ఎక్కువైనందుకే. అదీ అడవి రకంతో మామూలు సంకరం చేసి పుట్టించినదే.

మా పిన్ని ఆ సందేశం చదివి మొన్న ఆదివారం మార్కెట్లో పచ్చటి గడ్డలే ఏరి రెండు కిలోలు తెచ్చింది. వేపుడు చేదుగా ఉందేమిటని ఫోన్ చేసింది. మూకుడులో ఉన్నదీ, బుట్టలో మిగిలిన కిలోన్నరా పారేయించాను.