తూకం వెయ్యరు, సూది మాత్రం రెడీ!

పెంపుడు జంతువుల క్లినిక్కుల్లో కుక్కపిల్లను బల్ల మీద పెట్టగానే సూది తీస్తారు. తూకమేదండీ? కిలోల లెక్కన ఇవ్వాల్సిన మందుని కంటిచూపుతో కొలుస్తారా? టీకా ఏ ఫ్రిజ్‌లోంచి తీశారని అడిగితే మొహం మాడ్చుకుంటారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన సీసా అది, కరెంటు పోయి వేడెక్కితే బలం పోదూ? పోనీ సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కరైనా టీకా కార్డులో అంటిస్తారా అంటే, అదీ లేదు. బ్యాచ్ నంబరు లేని సంతకం దేనికి, ఫ్రేము కట్టించుకోడానికా?

ఇక ఆపరేషన్ రేట్లు! ఒకచోట చవక, ఇంకోచోట డబుల్. చవక చోట మత్తు, రక్తపరీక్ష, కుట్లు నాక్కోకుండా మెడకు కట్టే కోన్, కుట్లు విప్పడం, అన్నీ విడి బిల్లులే. ముందే కాగితం మీద రాసివ్వరేం?

పిల్లికి జ్వరమొస్తే ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వెయ్యమంటాడు కాంపౌండరు. పిల్లి ప్రాణం తీసే మందయ్యా అది! బయట '24 గంటలు' అని బోర్డు. రాత్రి పదకొండుకి ఫోన్ ఎత్తేదెవరు, వాచ్‌మనా?