గేమ్స్ పీరియడ్ పిల్లల కళ్ళకి మందు, దాన్ని లెక్కల క్లాసుకి ఇచ్చెయ్యకండి

పోయిన నెల బస్టాపులో నిలబడి ఉన్నాం. దూరంగా బస్సు వస్తుంటే "నెంబరెంతో చూడవే" అన్నాను మా అమ్మాయితో. కళ్ళు చికిలించి, మెడ ముందుకి చాచి, "దగ్గరికి రానీ అమ్మా, అప్పుడు చెప్తా" అంది. నాకు స్పష్టంగా కనపడుతున్న నెంబరు నా తొమ్మిదేళ్ళ పిల్లకి కనపడలేదు. మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళకీ మైనస్ రెండు. బోర్డు మీద రాసిందంతా ఏడాదిగా పక్కపిల్ల నోట్సులో చూసి ఎక్కించుకుంటోందట. ఎందుకు చెప్పలేదే అంటే, "అందరికీ అలాగే కనపడుతుందనుకున్నా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు.

ఫోను ఎంతసేపు చూస్తుందని అడుగుతారేమో, ఏం చెప్పాలా అనుకుంటూ వెళ్ళాను. డాక్టరుగారు ముందు అడిగింది వేరే: "పాప రోజూ ఆరుబయట ఎంతసేపు ఉంటుందమ్మా?" అక్కడే కూర్చుని లెక్కేశాను. పొద్దున ఏడున్నరకి వ్యాను. సాయంత్రం నాలుగున్నరకి ఇంటికి. ఐదున్నరకి ట్యూషను. తర్వాత హోంవర్కు, అన్నం, నిద్ర. వ్యాను ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తప్ప పిల్ల మీద ఎండ పడట్లేదు. మరి గేమ్స్ పీరియడ్? టైంటేబుల్లో వారానికి రెండున్నాయి. "సిలబస్ అవ్వలేదని లెక్కల మిస్ తీసేసుకుంటారమ్మా" అంది మా అమ్మాయి, అదేదో మామూలు విషయమైనట్టు. స్కూలు వెనక ఉన్న కాస్త గ్రౌండులో సగం బస్సులు పెట్టుకుంటారు.

ఇంటికొచ్చాక దీని గురించి దొరికిందల్లా చదివాను. ఈ విషయంలో పరిశోధన చాలా ముందుకెళ్ళింది, మన ఇళ్ళకీ బళ్ళకీ మాత్రం చేరలేదు. 2008లో వచ్చిన అధ్యయనం ఒకటి చూడండి. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ ఉండే ఆరేడేళ్ళ చైనీస్ మూలాల పిల్లల్ని పోల్చారు. జాతి ఒకటే. తల్లిదండ్రుల్లో సైట్ ఉన్నవాళ్ళు కూడా రెండుచోట్లా ఇంచుమించు అంతే. అయినా సింగపూర్ పిల్లల్లో 29.1 శాతం మందికి మయోపియా, అంటే దూరపువి మసగ్గా కనపడే మైనస్ సైట్, సిడ్నీ పిల్లల్లో 3.3 శాతానికే. చదువు వల్లే అనుకుందామా అంటే, పుస్తకాలు ఎక్కువ చదివింది సిడ్నీ పిల్లలే! పెద్ద తేడా ఆరుబయట గడిపే సమయంలో కనపడింది: సిడ్నీలో వారానికి 13.75 గంటలు, సింగపూర్‌లో 3.05 గంటలు.

ఆ తర్వాత చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బళ్ళు తీసుకుని, ఆరు బళ్ళలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్ళకి లెక్క చూస్తే మామూలు బళ్ళలో 39.5 శాతం మందికి కొత్తగా సైట్ వచ్చింది, ఈ బళ్ళలో 30.4 శాతానికి. ఒక్క పీరియడ్‌తో అంత తేడా! తైవాన్ అయితే 2010 నుంచి పిల్లలు రోజుకి 120 నిమిషాలు బయట ఉండాలని బళ్ళన్నిటికీ చెప్పింది. అంతకుముందు ఏటేటా పెరుగుతూ పోయిన చూపు సమస్య అక్కడి ప్రైమరీ పిల్లల్లో 2012లో 49.4 శాతం ఉండేది, 2015కి 46.1కి దిగింది.

కారణం వెలుతురే అంటున్నారు. ట్యూబులైట్లు వేసిన క్లాసురూములో 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత) ఉంటే గొప్ప. బయట ఎండలో లక్ష దాకా వెళుతుంది. చెట్టు నీడన కూర్చున్నా, మబ్బు పట్టినా, గదిలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువే. ఆ వెలుతురుకి కంటి లోపలి తెర రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, పెరిగే వయసులో కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. కనుగుడ్డు అలా పొడవుగా సాగడం వల్లే దూరపువి మసకబారతాయి.

"సైట్ ఎవరికి రాట్లేదు, అద్దాలు పెడితే సరి" అని మా బంధువులే అన్నారు. సరి కాదు. అద్దాలు చూపుని సరిచేస్తాయి కానీ మామూలు అద్దాలు కనుగుడ్డు సాగడాన్ని ఆపలేవు. చిన్న వయసులో మొదలైతే పెరగడానికి అన్నేళ్ళు మిగిలుంటాయి. మైనస్ ఆరు దాటితే పెద్దయ్యాక రెటీనా ఊడిపోయే ప్రమాదం, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ప్రమాదం బాగా ఎక్కువవుతాయి. ఆంధ్రలో 2019లో కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడు ముందుగా బడిపిల్లల కళ్ళే పరీక్షించారు. చాలా మంచి పని. కానీ పరీక్షించి అద్దాలిచ్చే బళ్ళలోనే గ్రౌండు లేకపోతే ఎలా?

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మా అమ్మాయి కిందకెళ్ళి ఆడుకుంటానంటే "ఎండలో తిరిగితే నల్లబడిపోతావే" అని ఆపింది ఇంట్లో వాళ్ళమే. మా అత్తగారు అన్నారు, మా అమ్మ అంది, నేనూ అన్నాను. మా బాబుని ఎవరం ఆపలేదు. పిల్ల రంగు కాపాడదామని చూపు పోగొట్టానని తెలిశాక, ఆ మాట ఇంక మా ఇంట్లో ఎవరినీ అననివ్వట్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలోకి తోలమని ఎవరూ చెప్పట్లేదు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఎండ తగ్గాక, నీడపట్టున, టోపీ పెట్టుకుని అయినా సరే. ఒంటిపూట బడులప్పుడు సాయంత్రమంతా పిల్లలు ఇంట్లోనే కదా ఉండేది.

బయట తిరగడం ఎక్కువగా పనిచేసేది సైట్ రాకముందే. వచ్చాక పెరగకుండా ఆపే శక్తి దానికి తక్కువ. అంటే మా అమ్మాయికి నేను ఆలస్యం చేసేశాను. తనకి డాక్టరుగారు చుక్కల మందు రాశారు, ఆరు నెలలకోసారి కనుగుడ్డు పొడవు కొలిపించాలి. మా బాబు ఇప్పుడు యూకేజీ. వాడి విషయంలో ఇంకా టైముంది. అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. అపార్టుమెంటులాంటి బిల్డింగులో బడి నడిపేవాళ్ళకి పర్మిషన్ ఎలా వస్తోందో అడిగే హక్కు మనకుంది. ఉన్న గ్రౌండులో బస్సులు పెట్టుకునేవాళ్ళనీ, గేమ్స్ పీరియడ్‌ని సిలబస్‌కి వాడుకునేవాళ్ళనీ అడగాల్సింది ఫీజు కట్టే మనమే. "మార్కులు తగ్గుతాయేమో" అని మనం నోరు మూసుకుంటున్నాం కాబట్టే ఆ పీరియడ్ పోతోంది.

వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. రెండు ప్రశ్నలు డైరీలో రాసుకున్నాను: జూన్ నుంచి ఇప్పటిదాకా గేమ్స్ పీరియడ్లు ఎన్ని, వాటిలో పిల్లలు నిజంగా గ్రౌండులో ఉన్నవి ఎన్ని. మా సెక్షన్ పేరెంట్స్ ఎవరైనా ఇది చదువుతుంటే, పది గంటలకల్లా రండి, నా పక్కన కూర్చోండి. ఒక్కదాన్నే అడిగితే "చూస్తాం మేడమ్" అని పంపించేస్తారు.