పదివేల అడుగులకు తక్కువైతే నడక వృథాయేనా?

కొంతకాలంగా వాట్సాప్‌లో నడక గురించి ఒక సందేశం చేతులు మారుతూ వస్తోంది. రోజుకు పదివేల అడుగులు పూర్తికాకపోతే ఆ నడక వృథా అనీ, అది జపాన్ శాస్త్రవేత్తలు తేల్చిన సంఖ్య అనీ, మోకాళ్ళ నొప్పులున్నవారు నడిస్తే కీళ్ళు ఇంకా అరిగిపోతాయనీ, తెల్లవారుజామున నాలుగు గంటలకు చెట్ల కింద చెప్పులు లేకుండా నడిస్తే షుగరు పోయి మాత్రల అవసరమే ఉండదనీ దాని సారాంశం. ఆ సంఖ్యను చూసి భయపడి నడక ఆలోచననే విడిచిపెట్టేవారు కొందరైతే, అందులో చెప్పినట్టే చేసి కాళ్ళ మీదికి తెచ్చుకునేవారు మరికొందరు. నడక వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందవలసిన పెద్దవయసువారికీ, దీర్ఘవ్యాధులున్నవారికీ ఈ సందేశం వల్ల నష్టం జరుగుతుంది కనుక దీనిని ఖండించక తప్పదు.

ముందుగా ఆ పదివేల సంగతి. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాక జపాన్ ప్రజల్లో వ్యాయామంపై ఆసక్తి పెరిగింది. 1965లో యమాసా అనే సంస్థ, పేరులోనే ఆ సంఖ్యను పెట్టుకొని, ‘మాన్‌పో-కెయ్’ (‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం) అనే అడుగుల లెక్కింపు పరికరాన్ని మార్కెట్లోకి తెచ్చింది. పదివేలు లోకమంతటా పాకింది ఆ అమ్మకం నుంచే తప్ప, అంతకు తక్కువైతే ఫలితం లేదని ఏ పరిశోధనా నిరూపించలేదు. హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో, సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది స్త్రీలను పరిశీలించగా, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి; 7,500 అడుగులు దాటాక అదనపు ప్రయోజనం పెద్దగా కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ నడుస్తారు కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ నడక ఖాతాలో వేయలేమన్నది నిజమే. అయినా, 15 అధ్యయనాలను కలిపి చేసి 2022లో ప్రచురించిన మరో విశ్లేషణ కూడా, 60 ఏళ్ళు దాటినవారిలో ఈ మేలు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల మధ్య నిలకడకు వస్తుందనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు అడుగుల మాటే ఎత్తకుండా, 18 ఏళ్ళు నిండినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలంటాయి. ఒక్కసారికి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని కూడా అవి తొలగించాయి. పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడిస్తే అది ఓ మోస్తరు శ్రమే.

మోకాళ్ళ విషయంలో సందేశం చెప్పేది దాదాపుగా తలకిందులు. కీలులో ఎముకల చివరలను కప్పి ఉండే మెత్తటి పొరకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవు. కాలు కదిలి ఒత్తిడి పడి వదులైనప్పుడల్లా అది స్పాంజిలా కీలు ద్రవాన్ని పీల్చుకొని పోషణ పొందుతుంది. చుట్టూ ఉన్న కండరాలు బలపడితే కీలుపై భారం కూడా తగ్గుతుంది. అందుకే మోకాలి ఆర్థరైటిస్‌కు వ్యాయామాన్ని వైద్యులు చికిత్సలో భాగంగానే సూచిస్తారు. వాపు వచ్చి కీలు వేడెక్కినప్పుడు, లేదా కాలు మోపలేనంత నొప్పి ఉన్నప్పుడు మాత్రం ఆగి వైద్యునికి చూపించుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది చెప్పులు విడిచి నడవమన్న సలహా. చాలాకాలం మధుమేహంతో ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు గుచ్చుకున్నా, గాజు పెంకు కోసినా, ఎండకు కాగిన సిమెంటు కాల్చినా వారికి తెలియకపోవచ్చు. రక్తప్రసరణ కూడా మందగించినవారిలో ఆ చిన్న గాయమే మానని పుండై, చీము పట్టి, చివరకు వేలో పాదమో తీసివేయవలసిన స్థితికి చేరవచ్చు. ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో తిరగవద్దని మధుమేహ వైద్యులు పదేపదే చెప్పడానికి కారణం ఇదే. వేళ్ళను ఒత్తని బూట్లు, నూలు మేజోళ్ళు వేసుకొని, నడిచి వచ్చాక అరికాళ్ళను, వేళ్ళ సందులను రోజూ చూసుకోవాలి. వంగలేనివారికి ఇంట్లోవారు చూసిపెట్టాలి.

ఇక మాత్రల సంగతి. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి కాబట్టి, భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినా షుగరు పెరుగుదల తగ్గుతుంది. ఈ మేలు నిజమే గాని, అది మందుకు తోడుగా పనిచేసేదే. మోతాదు తగ్గించాలో, ఆపాలో పరీక్షలు చూసి వైద్యుడే నిర్ణయించాలి. పైగా ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు పరగడుపున ఎక్కువ దూరం నడిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలైన వెంటనే తీసుకోవడానికి జేబులో గ్లూకోజు గాని, చక్కెర గాని ఉంచుకోవాలి.

నాలుగు గంటల నియమానికైతే ఆధారమే లేదు. చీకట్లో చెట్లు ఆక్సిజన్‌ను విడుదల చేయవు. చలికాలంలో నగరాల్లో పొగ, దుమ్ము నేలకు దగ్గరగా నిలిచిపోయేది కూడా ఆ వేళల్లోనే. చీకటి రోడ్డు మరో ముప్పు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. కాబట్టి వెలుతురు వచ్చాకే బయలుదేరడం మేలు, సాయంత్రం వీలైతే సాయంత్రమే నడవవచ్చు. పార్కు గాని, కాలేజీ మైదానం గాని దగ్గరలో లేక రోడ్డు మీదే నడవవలసి వస్తే, ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున, లేత రంగు దుస్తులతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా నడవాలి.

ఆ సందేశంలో ఎక్కడా లేని హెచ్చరిక ఒకటుంది. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం కనిపిస్తే ఆ రోజు లక్ష్యం పూర్తి చేయాలన్న పట్టుదలతో ముందుకు సాగకూడదు. వెంటనే ఆగి కూర్చోవాలి, పక్కనున్నవారికి చెప్పాలి, కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయించాలి. తగ్గినా సరే, ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.