ఇంటిపట్టున సంపాదన: ముందు గంటల లెక్క తేలాలి

పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటున్న తల్లో తండ్రో అదనపు ఆదాయం గురించి సలహా అడిగితే దాదాపు ఎప్పుడూ ఒక జాబితా చేతికొస్తుంది. ట్యూషన్లు చెప్పండి, ఆన్‌లైన్‌లో అమ్మండి, వీడియోలు పెట్టండి, డేటా ఎంట్రీ చేయండి. వీటిలో ఏదీ అబద్ధం కాదు. వీటన్నిటితో సంపాదిస్తున్నవాళ్లు ఉన్నారు. కానీ ఆ పని చేయడానికి గంటలు ఎక్కడి నుంచి వస్తాయో ఏ జాబితా చెప్పదు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా" అనే మాట వెనక, ఇంట్లో ఉండటమంటే తీరిగ్గా ఉండటమే అన్న నమ్మకం ఉంది. అక్కడే లెక్క తప్పుతోంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా జీతం లేని సంరక్షణ పనికి రోజుకు 1,640 కోట్ల గంటలు ఖర్చవుతున్నాయి. 200 కోట్ల మంది పైసా తీసుకోకుండా రోజుకు 8 గంటలు పనిచేయడంతో ఇది సమానం. ఆ గంటల్లో నాలుగింట మూడు వంతుల పైచిలుకు మహిళలవే. ఇంటివాళ్లను చూసుకునే బాధ్యత వల్ల శ్రామిక శక్తికి దూరంగా ఉన్న మహిళలు 70.8 కోట్ల మంది అని అదే సంస్థ 2024లో చెప్పింది. అదే కారణంతో ఆగిపోయిన పురుషులు సుమారు 4 కోట్లు. అంటే మనం మాట్లాడుతున్నది ఇప్పటికే నిండుగా పనిచేస్తున్న మనుషుల గురించి. వాళ్లకు ఇంకో పని చెబుతున్నామన్న స్పృహతోనే సలహా మొదలవ్వాలి.

కాబట్టి ఏ పని చేయాలన్నది రెండో ప్రశ్న. చేతిలో ఉన్నది ఎలాంటి సమయం అన్నది మొదటిది.

చిన్నపిల్లలున్న ఇంట్లో సమయం ముక్కలుగా దొరుకుతుంది. బిడ్డ నిద్రపోయిన అరగంట, ఆటలో పడిన పావుగంట. ఆ ముక్క ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు తెగుతుందో మన చేతిలో ఉండదు. పిల్లలు బడికి వెళ్లే వయసొస్తే పరిస్థితి మారుతుంది. రోజూ ఒకే వేళకు కొన్ని గంటలు నికరంగా మిగులుతాయి, సెలవుల్లో మాత్రం మళ్లీ మాయమవుతాయి. ఈ రెండు రకాల సమయాలకు సరిపోయే పనులు పూర్తిగా వేరు. మధ్యలో వదిలేసి లేచి వెళ్లినా చెడిపోని పనులు మొదటి రకం సమయానికి నప్పుతాయి. ప్రూఫులు దిద్దడం, చిన్న వ్యాపారాల పద్దులు రాసిపెట్టడం, డిజైన్లు గీయడం, పాఠాలూ ప్రశ్నపత్రాలూ తయారుచేయడం, గడువు రోజుల్లో ఉండే అనువాదం ఇలాంటివి. అవతలి మనిషి ఫోన్లోనో తెర మీదో ఎదురుచూస్తూ ఉండే పనులు రెండో రకం సమయానికే. ఆన్‌లైన్ ట్యూషన్, కస్టమర్ సపోర్ట్, సంప్రదింపులు ఈ కోవలోకి వస్తాయి.

ఏడాది నిండని బిడ్డను ఒళ్లో పెట్టుకుని కాల్ సెంటర్ పని ఒప్పుకుంటే అది ఎవరి చేతగానితనమూ కాకుండానే విఫలమవుతుంది. అలాంటి ఉద్యోగాల్లో నిశ్శబ్దంగా ఉండే గది, కచ్చితమైన షిఫ్టు అడుగుతారు. ఇంటి నుంచి చేసే పని అంటే పిల్లల్ని చూసుకుంటూ చేసే పని అని చాలామంది అనుకుంటారు. పని జరిగేది ఇంట్లోనే అయినా, ఆ షిఫ్టు గంటల్లో బిడ్డను చూసుకోవడానికి ఇంకొకరు ఉండాల్సిందే.

ఎవరైనా నన్నడిగితే, కొత్త విద్య నేర్చుకోవడానికి ముందు మానేసిన పాత ఉద్యోగం వైపే ఒకసారి చూడమంటాను. గంటకు ఎక్కువ డబ్బొచ్చేది సాధారణంగా అక్కడే. అకౌంట్స్ చేసినవాళ్లు అకౌంట్సే చేయవచ్చు, పాఠాలు చెప్పినవాళ్లు పాఠాలే చెప్పవచ్చు, కోడ్ రాసినవాళ్లు చిన్న ప్రాజెక్టులు తీసుకోవచ్చు. పాత సంస్థకు మీ పని తెలుసు, మిమ్మల్ని నమ్మడానికి కొత్తగా రుజువులు అక్కర్లేదు. రద్దీ నెలల్లో అదనపు చేయి కావాల్సినప్పుడు వాళ్లకు గుర్తొచ్చేలా ఒక్క సందేశం పంపితే పోయేదేమీ లేదు. అయినా చాలామంది మొహమాటంతో ఆ తలుపు తట్టరు. మానేసి వచ్చాం కదా, ఏమనుకుంటారో అని.

అయితే అన్ని వృత్తులూ ఈ అవకాశం ఒకేలా ఇవ్వవు. అలా ఎందుకన్నది 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధన బాగా వివరిస్తుంది. కొన్ని ఉద్యోగాలు ఎప్పుడు పిలిచినా పలికేవాళ్లకు గంటకు మరింత ఎక్కువ జీతం ఇస్తాయి. అలాంటి చోట సగం సమయం పనిచేసేవాళ్లకు సగం కంటే చాలా తక్కువ దక్కుతుంది. దీనికి భిన్నంగా ఆమె అమెరికాలోని ఫార్మసిస్టుల వృత్తిని చూపించారు. మందుల వివరాలన్నీ కంప్యూటర్లోకి చేరాక ఒక ఫార్మసిస్టు స్థానంలో ఇంకొకరు నిలబడటం సులువైంది. దాంతో తక్కువ గంటలు చేసినా గంటకు వచ్చే జీతం పెద్దగా తగ్గలేదు. ఇంటి నుంచి పని వెతుక్కునేవాళ్లు ఇదే గీటురాయి వాడవచ్చు. నేనొక రోజు పలకకపోతే ఈ పని ఆగిపోతుందా, లేక రేపటికి వాయిదా పడుతుందా, లేక ఇంకొకరు అందుకుంటారా? ఆగిపోయే పనైతే పిల్లవాడికి జ్వరం వచ్చిన రోజే క్లయింట్ చేజారతాడు.

ఇక డబ్బు లెక్క. చేతికొచ్చిన మొత్తాన్ని చూసి సంతోషించడం సహజం. కానీ దాన్ని గంటలతో భాగించి చూసేవాళ్లు తక్కువ. అమెజాన్ మెకానికల్ టర్క్ అనే వేదికలో చిన్న చిన్న ఆన్‌లైన్ పనులు చేసే 2,676 మంది సంపాదనను పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. మధ్యస్థంగా గంటకు సుమారు 2 డాలర్లే తేలింది. పనుల కోసం వెతికే సమయం, తిరస్కరించిన పనుల మీద పోయిన సమయం, మొదలుపెట్టి వదిలేసిన పనుల సమయం, వీటికి ఎవరూ డబ్బివ్వరు. అక్కడ పెద్ద పెద్ద నైపుణ్యాలు అడగరు, నిజమే. కానీ బిడ్డ నిద్రపోయే అరగంటను అంత చవగ్గా అమ్ముకోవడం కంటే తల్లి కూడా ఆ అరగంట నిద్రపోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

వేదికల కమిషన్ కూడా ముందే చూసుకోవాలి. ఫైవర్ వంటి ఫ్రీలాన్స్ సైటు ప్రతి ఆర్డర్‌లో 20 శాతం తీసుకుంటుంది. చేత్తో చేసిన వస్తువులు అమ్మేవాళ్లకైతే ముడిసరుకు, ప్యాకింగ్, డెలివరీ, వెనక్కి వచ్చిన ఆర్డర్లు అన్నీ కలిస్తే ఇంకా ఎక్కువే పోతుంది. ఒక వస్తువు 100కి అమ్మి, ఇవన్నీ తీసేశాక 40 మిగిలి, దాని తయారీకీ ఫోటోలకీ కొనేవాళ్ల ప్రశ్నలకు జవాబులకీ కలిపి 2 గంటలు పట్టిందనుకోండి. గంటకు 20. ఆ అంకె మీకు సమ్మతమేనా అన్నది అప్పుడు అడగాల్సిన ప్రశ్న. చాలామంది ధర పెంచడానికి భయపడి గంటలు పెంచుతారు. ఇంట్లో ఉండేవాళ్లకు అదే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

వీడియోల సంగతి కాస్త విడిగా చెప్పాలి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ గంటలకు బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూలు వచ్చినా సరే. ఆ గీత దాటేదాకా పడే శ్రమకు ప్రకటనల నుంచి ఏమీ రాదు. దాటినా రాబడి నెల నెలకూ మారుతుంది. ఇది నచ్చి చేసుకోవాల్సిన పని, నెల ఖర్చులకు ఆధారం చేసుకోవాల్సిన పని కాదు.

అంతకంటే నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. చూసేవాళ్లు పెరగట్లేదని చివరికి పిల్లల్నే కెమెరా ముందు నిలబెడుతున్నారు. వాళ్ల ఏడుపు, స్నానం, బడిలో పడ్డ తిట్లు కూడా వీడియోలవుతున్నాయి. పసివాళ్లు దీనికి ఒప్పుకోలేరు, వద్దనలేరు. పెద్దయ్యాక తుడిచేయాలన్నా పూర్తిగా తుడవలేరు. ఫ్రాన్స్ 2020లో ఇలాంటి పిల్లల రక్షణకు చట్టం చేసింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, తల్లిదండ్రుల వీడియోల్లో తరచూ కనిపించే పిల్లలకు ఆ సంపాదనలో వాటా పక్కన పెట్టాలన్న నిబంధన 2024 జులై నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం ఉన్నా లేకపోయినా, పిల్లల కోసం ఇంట్లో ఉన్నవాళ్లు ఆ పిల్లల్నే సరుకుగా మార్చకూడదు. ఈ ఒక్క విషయంలో నాకు మధ్యేమార్గం కనిపించదు.

మోసాల గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉన్నా, ఒక్క గుర్తు చాలావరకు కాపాడుతుంది. పని ఇస్తామంటూ ముందు మిమ్మల్నే డబ్బు కట్టమంటే అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ కిట్, సెక్యూరిటీ డిపాజిట్, పేరు ఏదైనా సరే. ఇప్పుడు మరో రకం వచ్చింది. వీడియోలకు లైకులు కొట్టే చిన్న టాస్కులిచ్చి, మొదట్లో కొంత డబ్బు నిజంగానే పంపి నమ్మకం కుదిరాక, పెద్ద టాస్కు కోసం ముందు మీరే సొమ్ము వేయమంటారు. వేసిన సొమ్ము తిరిగి రాదు.

గొలుసుకట్టు అమ్మకాలది ఇంకో బాధ. సరుకు అమ్మడం కంటే మనుషుల్ని చేర్చడం మీదే అది నడుస్తుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది అలాంటి 70 కంపెనీల ఆదాయ ప్రకటనలు పరిశీలించి 2024లో నివేదిక ఇచ్చారు. చేరినవాళ్లలో ఎక్కువమందికి ఏడాదికి వచ్చింది 1,000 డాలర్లు, లేదా అంతకంటే తక్కువ. చాలా ప్రకటనల్లో ఖర్చుల లెక్కే లేదు. డబ్బుతో పాటు స్నేహితులూ బంధువులూ దూరమవడం ఏ ప్రకటనలోనూ రాయరు.

ఇతరుల పిల్లల్ని కూడా చూసుకోవడం మరో మార్గం. ఇల్లు అందుకు అమరి ఉంటుంది, అనుభవమూ ఉంటుంది. అయితే ఎంతమందిని చూడవచ్చు, లైసెన్సు కావాలా అన్న నిబంధనలు చాలా దేశాల్లో ఉన్నాయి కాబట్టి ముందు అవి తెలుసుకోవాలి.

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటారు. ఆ చన్నీళ్లు ఒక మనిషి నిద్రలోంచి తోడుతున్నప్పుడు మిగతా కుటుంబం చూస్తూ ఊరుకోకూడదు. పని ఎంచుకున్న రోజునే గంటలు కూడా రాసుకోవాలి. వారంలో ఏ రోజు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా పిల్లల బాధ్యత రెండో వ్యక్తిది అన్నది ముందే తేలాలి. ఆ వేళలో తలుపు వేసుకుని పనిచేస్తున్న మనిషిని "పాల సీసా ఎక్కడుంది" అని పిలవకూడదు. వచ్చే డబ్బు ఆ మనిషి పేరుతో ఉన్న ఖాతాలోకే రావాలి. పన్ను వివరాల్లో చూపించాల్సినదైతే చూపించాలి. ఉద్యోగానికి తిరిగి వెళ్లేటప్పుడు ఈ సంవత్సరాల్లోనూ పనిచేశారనడానికి ఆ కాగితాలు పనికొస్తాయి.

ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లకు ఆ రెండో వ్యక్తి ఉండరు. అలాంటి ఇద్దరు కలిసి గంటలు మార్చుకోవచ్చు. ఈరోజు మధ్యాహ్నం నీ పిల్లలు నా దగ్గర, రేపు నా పిల్లలు నీ దగ్గర. ఇందులో డబ్బు చేతులు మారదు, కానీ వారంలో ఇలా రెండుసార్లు మార్చుకుంటే ఒక్కొక్కరికీ రెండేసి మధ్యాహ్నాలు ఎవరూ తలుపు తట్టకుండా దొరుకుతాయి. నాలుగైదు గంటల నికరమైన సమయం ఉంటే పద్దులు రాసే పనో, ట్యూషనో, పాత ఆఫీసువాళ్లు ఇచ్చే చిన్న ప్రాజెక్టో ధైర్యంగా ఒప్పుకోవచ్చు.