సవరణ: అభ్యంగనం ఆఖరి ఘడియకే కాదు

కతోలికుల అవస్థ అభ్యంగనం, అంటే జబ్బుపడినవారికి ప్రార్థనతో పవిత్ర నూనె రాసే సంస్కారం, ప్రాణం పోయేముందు, అదీ జీవితంలో ఒక్కసారే ఇస్తారని మొన్న రాశాను. అది తప్పు. శ్రీసభ (కతోలిక చర్చి) సత్యోపదేశ గ్రంథం చూసి సరిచేస్తున్నాను.

ప్రమాదకరమైన జబ్బు చేసినా, దాని కోసం పెద్ద ఆపరేషన్ చేయబోతున్నా, వయసు మీదపడి బాగా నీరసించినా ఇది తీసుకోవచ్చు. కోలుకుని మళ్లీ జబ్బుపడినా, ఉన్న జబ్బే ముదిరినా మళ్లీ ఇస్తారు. ‘వ్యాధిగ్రస్తుల అభ్యంగనం’ అనడమే మేలని కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) రెండో వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. నన్ను పక్కదారి పట్టించింది మరణావస్థను గుర్తుచేసే ‘అవస్థ’ అన్న పాత పేరే. గురువు (ఫాదర్) నూనెతో గుమ్మంలోకి వస్తే మా ఇళ్లలో ఏడుపులు మొదలయ్యేవి మరి!

డీకన్ (చర్చిలో గురువు కంటే కింది హోదా సేవకుడు) కూడా ఇవ్వొచ్చని మొన్న రాసిన వాక్యాన్నీ కొట్టేయండి. నుదుటికి, చేతులకు నూనె రాసేది గురువో పీఠాధిపతో మాత్రమే.