తల ఊపే చిలుక పిల్లకు ఫిట్స్ కాదు, ఆకలి

హనుమకొండ, కాజీపేటల్లో పిట్టలు సాదేవాళ్ల ఫోన్లలో వారం రోజులుగా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. "చిలుక పిల్ల తల ఊపుతూ అరిస్తే ఫిట్స్. వెంటనే మేత ఆపి గొంతులో చక్కెర నీళ్లు పోయండి. పాలన్నంతో తగ్గుతుంది. పెద్ద పిట్ట మీ చేతిలో కక్కితే కడుపు చెడినట్టు, పస్తుంచండి." ఈ సలహాలు పాటిస్తే పిట్టలు చచ్చిపోతాయి.

ముందు ఫిట్స్ సంగతి. మొన్న రాత్రి మా వీధి పిల్లగాడు అట్టపెట్టెలో కాకటీల్ అనే చిన్న చిలుక జాతి పిల్లను పట్టుకొచ్చాడు. "అన్నా, దీనికి ఫిట్స్ వచ్చినయ్" అన్నాడు, కళ్లలో నీళ్లు. మూడు వారాల పిల్ల, ఈకలింకా విచ్చుకోలేదు. ముక్కు పక్కన వేలు ఆనించగానే ఎగబడి గబగబా తల ఊపింది. మెడ కింద మేత సంచి తడిమితే ఖాళీ, తోలు వదులుగా వేలాడుతోంది. మెసేజ్ చూసి పొద్దటి నుంచి మేత ఆపేశారట! తల్లి నోట్లో నోరు పెట్టి మేత అందిస్తుంటే పిల్ల ఇలాగే ఊపుతుంది. నిజంగా ఫిట్స్ వస్తే పక్కకు ఒరిగిపోతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, వేలు పెట్టినా అందుకోదు.

గొంతులో నీళ్లు పోయడం ఇంకా ప్రమాదం. గాలిగొట్టం నోరు సరిగ్గా నాలుక వెనకే ఉంటుంది. పిల్ల తనంతట తాను మింగకపోతే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

పాలలోని చక్కెరను పక్షులు అరిగించుకోలేవు. ఉత్త అన్నంలో ఎదిగే పిల్లకు చాలినంత ప్రొటీన్, కాల్షియం ఉండవు, ఎముకలు వంకరపోతాయి. చిలుక పిల్లల ఫార్ములా పొడి దొరుకుతుంది, అదే కలపాలి. వేడి 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు మించితే మేత సంచి లోపల కాలుతుంది, చల్లారితే అరగక సంచిలోనే పులుస్తుంది. వేలు ముంచి అంచనా వేయకండి, థర్మామీటర్ పెట్టండి. ఆ పిల్లకు నేను ముందు పలచగా కలిపి, చెంచా అంచు వంచి కొద్దికొద్దిగా పట్టాను.

పెద్ద పిట్ట తల ఊపుతూ, తిన్నది మెల్లగా తెచ్చి మీ వేలి మీద పెట్టిందంటే మిమ్మల్ని జంటగా అనుకుంటోంది. తల విదిలిస్తూ నలుదిక్కులా చిమ్మితే, ముఖం ఈకలకు అంటుకుంటే అది వాంతి. రెండింటికీ పస్తు మందు కాదు. వంద గ్రాములు కూడా తూగని పిట్ట ఒక్క రోజు పస్తుకే కూలబడుతుంది.

ఆ మెసేజ్‌తో వచ్చిన ఫొటో రామచిలుక పిల్లది. దాన్ని తొర్రలోంచి తీసి పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కాకటీల్ ఆస్ట్రేలియా పిట్ట, దాని సంగతి వేరు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. తెల్లారినా మేత సంచి ఖాళీ కాకపోవడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఎగిరిపడటం, రోజంతా ఈకలు ఉబ్బించుకుని ముడుచుకోవడం. వీటిలో ఏది కనిపించినా సాయంత్రం దాకా చూడకండి, పిల్లను వెచ్చగా చుట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.